వేడెక్కకుండ ఉరికించుడు

మా వదినె కాలు ఇరగ్గొట్టుకొని మా ఇంటికి వచ్చిన ఏడాది ఎండలు తొందరగనే ముదిరినయి. వదినె అంటే మా ఆయన అక్క. మొయినాబాద్‌ల వాళ్లకు కిరాణ దుకాణం ఉన్నది. పై అరలకెళ్లి డబ్బ దించబోయి స్టూలు మీద నుంచి జారింది. మడిమ మీది ఎముక చిట్లితే దవాఖానల పిండికట్టు వేసిండ్రు. వాళ్ల ఇల్లు దుకాణం మీద ఉంటది, మెట్లెక్కాలె. మాదేమో చేవెళ్లల, ముందర సిమెంటు, పెయింట్లు, పైపులు అమ్మే దుకాణం, వెనక అదే నేల మీద ఇల్లు. అందుకని కట్టు ఇప్పేదాక పుట్టింట్ల ఉండమని వదినె పెనిమిటి, నేను అన్నయ్య అంట, ఆయననే కారుల తెచ్చి దింపి పోయిండు.

అప్పటికి నాకు పెండ్లయి చాన ఏండ్లయింది. అయినా వదినె నాకు సగమే తెలుసు. పండుగకు వస్తే ఒక పూట ఉండి, అత్తమ్మతోని ముచ్చట పెట్టి, పొద్దుగూకకముందే దుకాణం యాదికొచ్చి లేచేది. పాలిటెక్నిక్‌ల ఎలక్ట్రానిక్స్ చదివిందని విన్న. ఆ చదువు ఎప్పుడో అటకెక్కిందనే అనుకున్న.

నాది ఇంట్ల కూర్చొని చేసే పని. కట్టబోయే ఇల్లు ఎట్ల ఉంటదో ముందే కంప్యూటర్ల బొమ్మ చేసి చూపిస్త. సిమెంటు కొననీకి వచ్చినోళ్లతోని మా ఆయన, “మా ఇంట్ల ఆమె మీ ఇల్లు ముందే చూపిస్తది, జర చూసి పోండ్రి,” అనేటోడు. అట్ల మొదలైంది. ఎంకపల్లి దిక్కు ఒక ఫామ్‌హౌజు, చేవెళ్లల రెండంతస్తుల ఇండ్లు, ఒకటెనుక ఒకటి వచ్చినయి. గోడలు, కిటికీలు గీసుడు నా చేతి పని. గీసినంక ఏ గోడ మీద ఎంత వెలుతురు పడ్తది, నేల మీద నీడ ఎట్ల సాగుతది అని కంప్యూటర్ లెక్క గట్టి, ఫోటో లెక్క బొమ్మ తీస్తది. దాన్నే రెండరింగ్ అంటరు. ఒక్క బొమ్మకే చాన సేపు పడ్తది. వీడియో అంటే అసొంటి బొమ్మలు వేలల్ల కావాలె.

ఆ ఎండకాలమే మోకిల దిక్కు కొత్త లేఅవుట్ వేసిన ఒకాయన నాకు పెద్ద పని చెప్పిండు. గేటు నుంచి మొదలువెట్టి, హాలు, వంటిల్లు, మెట్లు, మిద్దె దాక ఇల్లంత తిరిగి చూసినట్టు వీడియో కావాలన్నడు. నేను ఒప్పుకున్న. బొమ్మ గీసిన. రెండరింగ్ పెట్టిన. మధ్యాహ్నం అయ్యేసరికి కంప్యూటర్ టప్పున బందయింది. మల్ల పెట్టిన, మల్ల బందయింది. పొద్దున జర నయం, ఎండ పడమటి గోడకు తాకినదంటే ఇగ దాని పని అయిపోయేది. ఆయనకు ఫోన్ చేసి నాతోని కాదని చెప్పుదామా అని రెండు దినాలు తండ్లాడిన.

వదినె మంచం నా టేబుల్ ఉన్న అర్రలనే వేసినం. కాలు దిండు మీద పెట్టుకొని పండుకొని ఉండేది. ఒక మధ్యాహ్నం కండ్లు మూసుకునే అన్నది:

“అది ఎందుకట్ల మొత్తుకుంటున్నది?”

“ఏది?”

“నీ కంప్యూటర్ ఫ్యాను. పొద్దటికెళ్లి ఇంటున్న. పని పెట్టంగనే కేకలు వేస్తున్నది, తర్వాత ఉన్నట్టుండి బందయితున్నది. వేడికి తట్టుకోలేక పానం కాపాడుకుంటున్నది అది.”

కొత్తది కొనాలేమో అన్న. వదినె లేచి కూర్చున్నది. చంకకర్రలు అందుకొని టేబుల్ కాడికి వచ్చి, క్యాబినెట్ వెనక ఫ్యాను ముందట అరచెయ్యి పెట్టింది. తర్వాత స్క్రీన్ మీద లోపలి వేడి చూపించే చిన్న ప్రోగ్రామ్ పెట్టమన్నది. పెట్టిన. అంకె వంద డిగ్రీల దగ్గర ఊగుతున్నది.

“లోపల వంద ఉన్నది. బయటికొచ్చే గాలి సల్లగ ఉన్నది,” అన్నది. “గాలి వేడిగ వస్తే ఫికర్ లేదు, లోపలి వేడి బయటికి పోతున్నదన్నట్టు. లోపల కాలుతూ గాలి సల్లగ ఉన్నదంటే వేడి ఆడనే ఇరుక్కున్నది. కొత్తది తర్వాత సంగతి. దీన్ని ఇప్పుదాం.”

ఇప్పుదాం అనంగనే నాకు భయమైంది. వదినె ముందు నా ఫైళ్లన్ని వేరే డిస్కుల కాపీ చేయించింది. “పోతే కంప్యూటర్ పోవాలె, నీ పని పోవద్దు,” అన్నది. ఆ ఒక్క మాటతోని నాకు సగం ధైర్యం వచ్చింది.

పక్క రేకు తీస్తే లోపల బూడిద రంగు దుమ్ము మందంగ పేరుకున్నది. దుకాణంల సిమెంటు సంచులు దించినప్పుడల్ల లేచే దుమ్ము ఇంట్లకు వస్తది కద, ఫ్యాను దాన్నంత గుంజి ప్రాసెసర్ మీది రేకుల మధ్యన మెత్తిపెట్టింది. దానికి తోడు క్యాబినెట్‌ను నేను టేబుల్ కింది చెక్క అరల పెట్టి, అందం కోసం ముందర తలుపు గూడ వేసిన. అత్తమ్మ వాకిట్ల నుంచి తొంగి చూసి, “బిడ్డా, కాలు ఇరిగి వచ్చినవ్, ఇగ ఆ డబ్బను గూడ ఇరగ్గొడ్తున్నవా?” అన్నది.

“దీనికి కట్టు కట్టుడు అల్కగనే ఉంటదమ్మా,” అన్నది వదినె.

దుకాణంల అమ్మే పెయింట్ బ్రష్ మెత్తటిది ఒకటి తెప్పించుకొని దులిపింది. మా ఆయన జిడ్డు తీయనీకి థిన్నర్ సీస తెచ్చి ఇచ్చిండు. “అది తలుపులకు బాబూ, దీనికి పెడితే లోపలి బోర్డు ఖరాబైతది,” అని వాపసిచ్చి, మెడికల్ షాపు నుంచి స్పిరిట్ తెమ్మన్నది. ప్రాసెసర్ మీద వేడిని రేకులకు అందించే పేస్ట్ ఒకటి ఉంటది. మాది ఎండిపోయి సున్నం పెచ్చు లెక్క రాలింది. దాన్ని తుడిచి, మా ఆయనతోని సిటీ నుంచి తెప్పించిన కొత్త పేస్ట్ పెసరగింజంత పెట్టింది. పాత చిన్న ఫ్యాను పక్కకు పడేసి, పేస్ట్‌తోనే తెప్పించిన ఎత్తు రేకుల కూలర్ బిగించింది. క్యాబినెట్ ముందరి ఫ్యాను గాలి లోపలికి గుంజాలె, వెనకది బయటికి నెట్టాలె. మాది రెండూ బయటికే నెట్టుతున్నయి. ఒకటి తిప్పి బిగించింది. చెక్క అర నుంచి తీసి క్యాబినెట్‌ను పీట మీద పెట్టించింది. టేబుల్‌ను పడమటి గోడ కాడికెళ్లి ఉత్తరం కిటికీ పక్కకు జరిపించింది. ఇదంత ఆమె కుర్చీల కూర్చొని, కట్టున్న కాలు ఇంకో కుర్చీ మీద పెట్టుకొని చేసింది. స్క్రూ కింద పడితేనే నన్ను పిలిచేది.

మల్ల అదే పని పెట్టి చూసినం. అంకె అరవై అయిదు కాడ ఆగింది. వెనక గాలికి చెయ్యి పెడితే గోరువెచ్చగ తగిలింది.

నేను సంబరపడి, “అయిపోయింది వదినా, ఇగ చాలు,” అన్న.

“అప్పుడే? ఇప్పటిదాక బీమారి తీసినం. ఇగ దాంట్ల ఎంత బలం ఉన్నదో చూద్దాం,” అన్నది.

అప్పుడు వదినె ముఖం చూసిన. పండుగలకు వచ్చే వదినె కాదు. కండ్లల్ల ఒక పోకిరితనం ఉన్నది. అన్నయ్య ఇంట్ల లెక్కల కోసం కొన్న కంప్యూటర్‌ను ఆమె ఎన్నో ఏండ్ల నుంచి ఇట్లనే ఇప్పుతూ, బిగిస్తూ, వేగం పెంచుతూ, దించుతూ ఉన్నదట. మధ్యాహ్నం దుకాణంల గిరాకి తక్కువ ఉండే పూట ఆమెకు అదే ఆట. ఎందుకు వదినా, నీకు వేగంతోని పనేమున్నది అని అడిగిన.

“పనేమీ లేదు. ఉన్నదాంట్ల ఎంత ఉన్నదో తెల్వాలె కద,” అన్నది.

కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు ఒక మీట నొక్కి, నేనెన్నడు పోని లోపలి పేజీలకు తీసుకపోయింది. బయోస్ అంటరు దాన్ని. ముందు మెమొరీ కాడ ఆగింది. “చూడు. ఈ ర్యామ్ మీద మూడు వేల రెండు వందలు అని రాసి ఉన్నది. ఇది ఇరవై ఒక్క వందల మీద నడుస్తున్నది. ఎవ్వరూ చెప్పలేదు కాబట్టి మెల్లగ నడుస్తున్నది పాపం.” ఒక్క సెట్టింగ్ మార్చి దాని అసలు వేగం దానికిచ్చింది.

తర్వాత ప్రాసెసర్ పేరు చదివి నవ్వింది. “పేరు చివర కే అని ఉన్నది. అంటే వేగం పెంచుకోనీకి కంపెనోళ్లే తాళం తీసి ఇచ్చిండ్రు. బోర్డు గూడ దానికి సరిపోయేదే. కొన్నప్పటికెళ్లి తాళం లేని తలుపును మీరు ఒక్కసారన్నా తోసి చూడలే.”

ఇగ ఆమె చేసిన తీరు చెప్పాలె. ఒకేసారి పెంచలేదు. వేగం అంకెను ఒక్క మెట్టు పెంచేది. నా బొమ్మల్ల బరువైనది ఒకటి, అద్దాలు, నీళ్ల తొట్టి ఉన్నది, రెండరింగ్ పెట్టించేది. అది నడుస్తున్నంత సేపు వేడి అంకెను చూసుకుంట కూర్చునేది. అయిపోయినంక అత్తమ్మ ఇచ్చిన చాయ తాగి, ఇంకో మెట్టు. తొందర లేదు. మధ్యల నేను విసుగొచ్చి, “రెండు మెట్లు ఒకేసారి పెంచుదాం,” అంటే, “అప్పుడు కూలిపోతే ఏ మెట్టు కాడ కూలిందో ఎట్ల తెలుస్తది?” అన్నది.

ఒక మెట్టు కాడ స్క్రీన్ నీలంగ మారి ఆగిపోయింది. “అయ్యో, పోయింది,” అన్న నేను. వదినె మాత్రం ఎదురు చూసిన చుట్టం వచ్చినట్టు తల ఊపింది. “ఇప్పుడు దానికి కరెంటు సరిపోతలేదు. జర వోల్టేజీ పెంచొచ్చు. కాని అసలు వేడంత దానితోనే వస్తది. వేగంతోని వచ్చే వేడి కొంత, వోల్టేజీతోని వచ్చేది చాన.” ఆవగింజంత పెంచింది. నడిచింది. వేడి డెబ్బై అయిదు దాటింది. ఇంకో మెట్టుకు మల్ల ఆగింది, ఇంకొంత వోల్టేజీ ఇస్తే నడిచింది కాని అంకె తొంభైకి చేరింది.

వదినె ఆ మెట్టు నుంచి కిందికి దించింది.

“నడుస్తున్నది కద వదినా,” అన్న.

“పొద్దుగాల నడుస్తున్నది. నువ్వు పని పెట్టేది మధ్యాహ్నం. బయట నలభై రెండు ఉన్ననాడు ఈ అర్రల గాలి ఎట్ల ఉంటది? ఆనాటికి జాగ వదలాలె. ఆఖరి మెట్టు మీద కాపురం పెట్టొద్దు.”

మెమొరీ కాడ ఆశపడ్డది నేనే. దాని మీద రాసినదాని కంటే ఎక్కువ పోతదా అని అడిగిన. పోతదేమో చూద్దాం అన్నది. మూడు వేల ఆరు వందలు పెట్టింది. ఫ్యాన్లు తిరిగినయి, స్క్రీన్ నల్లగనే ఉన్నది. బందు చేసి మల్ల పెట్టినా అంతే. మా ఆయన దుకాణంల నుంచి వచ్చి నల్ల స్క్రీన్ చూసి, నా దిక్కు చూసిండు. మోకిల ఆయన ముఖం నా కండ్ల ముందర తిరిగింది.

“కూర్చోరా,” అన్నది వదినె తమ్మునితోని. కరెంటు వైరు పీకించింది. బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటది, దాన్ని స్క్రూడ్రైవర్ కొసతోని పైకి లేపి, తీసి అరచేతుల పెట్టుకున్నది. “మనం చెప్పినయన్ని ఇప్పుడు మరిచిపోతది. మరువనీ.” కొంచెం సేపు అట్లనే కూర్చొని మామిడికాయ తొక్కు ముచ్చట మాట్లాడింది. తర్వాత బ్యాటరీ పెట్టి మొదలువెడితే కంప్యూటర్ ఏమీ ఎరుగనట్టు లేచింది. పెంచినయన్ని పోయినయి. వదినెకు అన్ని అంకెలు నోటికి వచ్చు, ఒక్కొక్కటే మల్ల పెట్టుకుంట వచ్చింది.

మెమొరీని ఈసారి కొంచెం తక్కువ పెట్టింది. నడిచింది. రెండరింగ్ గూడ ముందటికన్నా తొందరగ అయింది. నేను గెలిచినమనుకున్న. వదినె బొమ్మను పెద్దగ చేసి, కండ్లద్దాలు పెట్టుకొని, గోడలన్ని మెల్లగ చూసింది. వంటింటి గోడ మీద ఒక చోట ఎర్రటి చుక్క ఉన్నది. మెట్ల కింద నీడల ఇంకొకటి.

“ఇవి నువ్వు పెట్టినవా?”

“లేదు.”

“ఇవి మెమొరీ తప్పులు. ప్రాసెసర్ తప్పు చేస్తే చాన సార్లు కూలిపోతది, మనకు తెలుస్తది. మెమొరీ తప్పు చేసినా నవ్వుకుంట నడుస్తనే ఉంటది. ఇయ్యాల గోడ మీద చుక్క, రేపు నీ ఫైలే తెరుచుకోదు. నడిచేది వేరు, సక్కగ నడిచేది వేరు.”

మెమొరీని దాని మీద రాసిన వేగానికే దించింది. దాన్ని పరీక్షించే ప్రోగ్రామ్ ఒకటి పెట్టి, పొద్దుగాల నుంచి సాయంత్రం దాక కంప్యూటర్‌ను ముట్టనియ్యలేదు. ఒక్క తప్పు గూడ రాలేదు. అప్పుడు గాని, “ఇగ నీది నువ్వు తీసుకో,” అనలేదు.

మరునాడు మోకిల ఇంటి వీడియో పెట్టిన. కిటికీ బయట ఎండ మండిపోతున్నది, రోడ్డు మీద షేర్ ఆటోల చప్పుడు గూడ సన్నగిలింది. వదినె మంచం మీద కండ్లు మూసుకొని ఉన్నది కాని నిద్ర పోలేదని నాకు తెలుసు, ఫ్యాను చప్పుడు ఇంటున్నది. అంకె డెబ్బై ఎనిమిది కాడికి వచ్చి ఆడనే కూర్చున్నది. మధ్యాహ్నం దాటింది. ముందు బందయ్యే యాళ్ల దాటింది. నేను వెనక గాలికి చెయ్యి పెట్టి చూసిన. వేడిగ, ఒక్క తీరుగ వస్తున్నది. ఒక్కొక్క బొమ్మ పూర్తయి లెక్కల కలుస్తుంటే, గేటు దాటి హాలులకు, హాలు నుంచి వంటింట్లకు, ఆ ఇల్లు నా ముందర లేస్తున్నట్టు అనిపించింది. అత్తమ్మ గూడ వచ్చి నిలబడి, “ఇప్పుడు ఏడుస్తలేదు గద డబ్బ,” అన్నది.

మోకిల ఆయన వీడియో చూసి మెట్ల కాడ ఆపమన్నడు. నాకు ఆ ఎర్ర చుక్క యాదికొచ్చింది. ఆయన మెట్ల కింద జాగల బియ్యం డబ్బాలకు అరలు పెడితే బాగుంటది కద అని అడగనీకే ఆపిండట. అరలు పెట్టి ఇచ్చిన. ఆయన ఇంకో ఇంటి పని గూడ నాకే ఇచ్చిండు.

పిండికట్టు తీసినంక వదినె మొయినాబాద్ పోయింది. కొన్ని దినాలకు నేను చూడపోయిన. మెట్లెక్కి పైకి పోతే వెనక అర్రల ఆమె కంప్యూటర్ ఉన్నది. పక్క రేకు లేదు. దుకాణంల మిర్చి సంచుల ఘాటు, దుమ్ము పైకి రాకుండ కిటికీకి పల్చటి జాలి కట్టింది. లోపల వైర్లన్ని గాలికి అడ్డం రాకుండ ఒక పక్కకు జడ అల్లినట్టు కట్టి ఉన్నయి. ఎక్కడా ఒక్క దుమ్ము రేణువు లేదు. నేను చాన సేపు చూస్తనే ఉన్న. ఇండ్ల బొమ్మలు చేసే దాన్ని, ఒక అర్ర పొందికగ ఉన్నదా లేదా అని నాకు చూడంగనే తెలుస్తది. ఆ డబ్బ లోపల గాలికి దారి ఎట్ల విడిచిందో, ఏది ఎక్కడ ఉండాలనో అక్కడ ఎట్ల పెట్టిందో చూస్తే, ఆమె గూడ ఒక ఇల్లే కట్టింది అనిపించింది.

నేను మనసుల ఉన్న మాట అడిగిన. “వదినా, మా దిక్కు బొమ్మలు చేసేటోళ్లు ఇంకా ఉన్నరు. ఫోటో స్టూడియోలోళ్లు ఉన్నరు. అందరి కంప్యూటర్లు గిట్లనే మొత్తుకుంటున్నయి. నువ్వు రిపేరు దుకాణం అని ఒక బోర్డు పెడితే బాగ నడుస్తది.”

వదినె పెద్దగ ఆలోచించలేదు. “వద్దు. బోర్డు పెడితే తొందర పెడ్తరు. ఒక్కొక్క మెట్టు పెంచనియ్యరు. నాకు దీంట్ల ఇష్టమైనదే అది.”

కింద నుంచి అన్నయ్య పిలిచిండు, గిరాకి వచ్చినట్టున్నది. వదినె వస్తున్న అని చెప్పి, కుర్చీల నుంచి లేవకుండనే నన్ను దగ్గరికి రమ్మన్నది. తన కంప్యూటర్ వేగాన్ని నా ముందర ఒక మెట్టు పెంచి, పరీక్ష పెట్టింది. ఇద్దరం అంకె దిక్కు చూసుకుంట కూర్చున్నం. అది పెరిగింది, ఇంకొంచెం పెరిగింది, మెల్లగ ఒక చోట నిలబడ్డది. వదినె ముందరికి వంగి వెనక గాలికి అరచెయ్యి పెట్టింది. తర్వాత నా చెయ్యి పట్టి ఆడ పెట్టి, “చూడు ఎట్ల వస్తున్నదో,” అన్నది.